చింతచిగురు చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మనకు కోటలు, ఫర్మానాలు, యుద్ధాలే గుర్తుకొస్తాయి. వంటింటి చరిత్రను ఎవరూ అడగరు. ఎండాకాలం మొదట్లో మన కల్వకుర్తి వైపు ఇండ్లలో వండుకునే చిగుర్ గోష్త్‌లో అలాంటి చరిత్రే ఉన్నది.

చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని శాస్త్రజ్ఞులు చెప్తారు. ఎంతో పూర్వమే అది మన దేశానికొచ్చి ఇక్కడిదే అయిపోయింది. అరబ్బులు దాని పండును 'తమర్ హిందీ', అనగా హిందూస్థాన్ ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషువారి టామరిండ్ ఆ మాట నుండి వచ్చినదే. పండుకు అరబ్బీ పేరు పెడితే, లేత ఆకుకు మన దక్కనీ ఉర్దూ తెలుగు పేరే ఉంచుకున్నది. మనము చిగుర్ అనేది తెలుగువారి చిగురే. 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. పాదుషా పేరే తెలుగైనప్పుడు కూర పేరు తెలుగు కావటంలో వింతేమున్నది?

చింతకాయ దులిపినాక చెట్టు లేత చిగురు వేస్తుంది. దాన్ని కోసి, పుల్లలు ఏరి, నీడన ఆరబెట్టి అరచేతుల మధ్య నలుపుతారు. ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పసుపు, కారంతో మాంసం మెత్తగా ఉడికినాకే చిగురు వేయాలి. పులుపు ముందే పడితే మాంసం తొందరగా ఉడకదు. జొన్నరొట్టెతో తింటే దాని రుచే వేరు. మాంసం కొనలేని రోజున అదే చిగురు కందిపప్పులో పడుతుంది. రాత్రి భోజనానికి అదే చాలు.

హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది గనుక మన పండుగలు అన్ని రుతువులూ తిరుగుతాయి. 2025లో మార్చి 30న ఉగాది, 31న ఈద్-ఉల్-ఫితర్ వచ్చాయి. పొరుగింటి ఉగాది పచ్చడిలో కొత్త చింతపండు, మరునాడు మన షీర్ ఖుర్మాలో ఖర్జూరం. హిందూస్థాన్ ఖర్జూరము, అరబ్బు ఖర్జూరము వెంటవెంటనే రెండిండ్ల గిన్నెల్లోకి చేరినాయి.

ఇప్పుడు రోడ్ల కోసం, ప్లాట్ల కోసం పాత చింతచెట్లు పోతున్నాయి. చిగురు నలిపే ఓపికా తగ్గింది. చెట్టు పోతే కూర పోతుంది, కూర పోతే ఆ మాటా పోతుంది. కాబట్టి సోదర సోదరీమణులారా, ఖబ్రస్తాన్ గోడ వెంట, బడి ఆవరణలో ఒక్కొక్క చింతమొక్క పెడదాము. నానీమా, దాదీమా చేతి వంటను అడిగి పిల్లలచేత రాయిద్దాము, ఉర్దూలోనైనా సరే, తెలుగులోనైనా సరే.