దర్ద్ అనే ఖబర్: రాయవేలూరు నేర్పిన సబఖ్

మన పలమనేరు వైపు ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే మొదట వినిపించే పేరు రాయవేలూరు. మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు దాటి అక్కడికి పోవడం తాతల నాటి అలవాటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మనమూ ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లమే. 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ సీఎంసీ దవాఖానాకు దర్ద్ చరిత్రలో పెద్ద చోటుంది.

1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ అక్కడికి వచ్చారు. కుష్ఠు మాంసాన్ని కుళ్లబెట్టి వేళ్లు రాల్చేస్తుందని అప్పట్లో అందరి యకీన్. జుజామ్ అన్నా, పెద్దరోగం అన్నా ఊరు దూరం జరిగేది. బ్రాండ్ కళ్లకు వేరే సంగతి కనబడింది. తుప్పుపట్టిన తాళాన్ని ఒక కుర్రాడు బలంగా తిప్పేశాడు. వేలు తెగి ఖూన్ కారుతున్నా వాడికి తెలియనే లేదు. నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా కొందరికి మెలకువ వచ్చేది కాదు. అందుకే ఇళ్లకు వెళ్లే రోగులకు పిల్లుల్ని ఇచ్చి పంపారు! జబ్బు చంపుతున్నది నరాలను. ఎహసాస్ పోయిన చేతిని కాలిన గాయాలూ, తెగిన గాయాలూ పాడుచేస్తున్నాయి. వంకరపోయిన వేళ్లను సరిచేసే ఆపరేషన్లు బ్రాండ్ 1948లో మొదలుపెట్టారు.

1966లో అమెరికా వెళ్లాక, నొప్పికి బదులుగా హెచ్చరించే యంత్రం తయారుచేయాలని ఆయన బృందం చూసింది. ఒత్తిడి ఎక్కువైతే చెవిలో మోగేది. రోగులు పట్టించుకోలేదు. కరెంటు షాక్ పెడితే, పని పూర్తయ్యేదాకా స్విచ్ ఆపేసేవారు. అసలు దర్ద్‌కు స్విచ్ మన చేతిలో లేదు. దాని ఫాయిదా అదే.

ఇదంతా పైచర్మం కథ. దిమాగ్‌లో చర్మానికి ఒక నక్షా ఉందని 1937లో పెన్‌ఫీల్డ్ చూపించారు. అందులో వేళ్లకూ పెదవులకూ పెద్ద జాగా, వీపుకు చిన్నది. అందుకే వేలికి ముల్లు గుచ్చుకుంటే చోటు కచ్చితంగా చెప్పగలం.

లోపలి అవయవాల సంగతి అలా కాదు. వాటి నుంచి వచ్చే నరాలు తక్కువ. పైగా గుండె నుంచి వచ్చే ఖబరూ, చేయి లోపలివైపు చర్మం నుంచి వచ్చే ఖబరూ వెన్నుపాములో ఒకే చోట కలుస్తాయి. దిమాగ్‌కు రోజూ అందేవి చర్మం ఉత్తరాలే కనుక, గుండె రాసిన ఉత్తరాన్ని కూడా ఎడమ చేతి అడ్రసులో వేసేస్తుంది. అపెండిక్స్ వాస్తే నొప్పి ముందు బొడ్డు చుట్టూ మొదలై, తరువాతే కుడివైపు కిందికి దిగుతుంది. ఏ అవయవం నొప్పి చర్మం మీద ఎక్కడ పలుకుతుందో 1893లో హెన్రీ హెడ్ రాసిపెట్టారు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఇబ్న్ సీనా ‘అల్ ఖానూన్’లో దర్ద్‌ను 15 రకాలుగా విడదీశారు. "నొప్పి ఎట్లా ఉంది? గుచ్చినట్టా, బరువుగానా?" అని హకీమ్ సాబ్ అడిగేది ఊరికే కాదు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాం. కుష్ఠు చేసిన పనే ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరూ చేస్తుంది. పాదానికి పుండు పడినా తెలియదు. లోపలి నరాలు కూడా దెబ్బతింటే, గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. షుగరున్న అమ్మీకో, దాదాకో ఉన్నట్టుండి చెమటలు పట్టి, ఆయాసం, నీరసం వస్తే, "గ్యాసేలే" అని సోడా తాగించి పడుకోబెట్టకండి. వెంటనే దవాఖానాకు తీసుకుపోండి. రాత్రి పడుకునే ముందు వాళ్ల అరికాళ్లు ఒకసారి దీపం వెలుగులో చూడండి. వాళ్ల నరాలు ఇవ్వలేని ఖబర్ మన కళ్లే ఇవ్వాలి.