గుండెలో పుట్టిన మాట

ధైర్యమునకు ఆంగ్లభాషలో పెక్కు పదములున్నవి. వానిలో మిక్కిలి వాడుకలో నున్నది ‘కరేజ్’. ఈ పదము పుట్టుకను తెలిసికొనదలచినవారు శరీరశాస్త్ర చరిత్రను కూడ కొంత తెలిసికొనవలసి యుండును.

లాటిన్ భాషలో ‘కోర్’ అనగా గుండె. దానినుండి ప్రాచీన ఫ్రెంచి భాషలో ‘కొరాజ్’ అను పదమేర్పడి, క్రీ. శ. 1300 ప్రాంతమున ఆంగ్లమున ప్రవేశించినది. మొదట దీనికి ధైర్యమను అర్థమొక్కటియే కాదు. మనస్సు, స్వభావము, కోరిక, కోపము, గర్వము మున్నగు వానికన్నిటికిని ఇదే పేరు. ఇవన్నియు గుండెలో పుట్టునని ఆనాటివారి నమ్మకము. 14వ శతాబ్దపు కవి ఛాసర్ ‘కాంటర్‌బరీ కథల’ ప్రారంభమున చిన్న పక్షుల మనస్సులను గూర్చి చెప్పుచు ఈ పదమునే వాడెను. కాలక్రమమున తక్కిన అర్థములు జారిపోయి, ధైర్యము మాత్రమే మిగిలినది. మనకు సుపరిచితమైన ‘రికార్డు’ అను మాటకును ‘కోర్’ శబ్దమే మూలము. మరల గుండెకు తెచ్చుకొనుట, అనగా జ్ఞప్తికి తెచ్చుకొనుట, దాని తొలి అర్థము.

ధైర్యమును, జ్ఞాపకమును గుండెలో ఏల ఉంచిరి? క్రీ. పూ. 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, అనుభూతులకు గుండెయే స్థానమనియు, మెదడు దేహపు వేడిని చల్లార్చు అవయవమనియు బోధించెను. క్రీ. శ. 2వ శతాబ్దమున గేలెన్ అను వైద్యుడు ఈ అభిప్రాయమును ప్రయోగముతో ఎదుర్కొనెను. అరచుచున్న పంది మెడలోని సన్నని నరములను ఆయన కోయగా, పంది బ్రతికియే యున్నది గాని దాని గొంతు మూగపోయినది. గొంతును నడపునది నరముల ద్వారా మెదడే గాని గుండె కాదని దీనివలన తేలినది. అయినను వేయి సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట ఆంగ్లమున ప్రవేశించిన పదము మాత్రము గుండెనే ఆశ్రయించినది.

1628లో విలియం హార్వే గుండె కదలికను గూర్చి లాటిన్‌లో ఒక గ్రంథమును ప్రకటించెను. దాని పేరులోను ‘కోర్’ శబ్దమే యున్నది. గుండె కండరముతో నిర్మితమై, రక్తమును దేహమంతట త్రిప్పు అవయవమని అందులో నిరూపించెను.

అట్లయిన పూర్వులు అజ్ఞానులా? కాదు. భయము కలిగినపుడు గుండె దడదడలాడుట ఎవరికైన అనుభవమే. వారు చూచినది నిజము. దానినుండి తీసిన నిర్ణయమే పొరపాటు. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున ఈ దడకు కారణమును వివరించెను. అపాయమును మెదడు గుర్తించగానే నరముల ద్వారా ఆజ్ఞ వెడలును. మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి విడుచును. గుండె వేగము హెచ్చి, కండరములకు రక్తము ఎక్కువగా చేరును. పోరాడుటకైనను, పారిపోవుటకైనను దేహము ఈ విధముగనే సిద్ధపడును.

కనుక గుండెదడ పిరికితనమునకు గుర్తు కాదు. ధైర్యవంతుని గుండెయు అట్లే కొట్టుకొనును. తెలుగువారును ‘గుండె జారినది’, ‘గుండె దిటవు చేసికొనెను’ అనుచునే యున్నారు. లాటిన్ నేర్చి వారిట్లు అనలేదు. తమ రొమ్ముపై చేయి వేసికొని చూచినారు, అంతే. శాస్త్రము ముందునకు సాగినను, మనుష్యుడు మొదట గమనించిన విషయమును మాట విడువక దాచియుంచినది.