ఐసీఎస్ వదులుకున్న హాకీ కెప్టెన్: జైపాల్ సింగ్ ముండా

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు తొలిసారి బంగారు పతకం గెలిచింది. అయిదు మ్యాచుల్లో 29 గోల్స్ వేసి, ఒక్కటి కూడా వేయించుకోలేదు. ఆ గెలుపు అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు. ఆ జట్టు కెప్టెన్ ఒక ఆదివాసీ అని మనలో ఎంతమందికి తెలుసు? ఆయన జైపాల్ సింగ్ ముండా. యానాదులు, ఎరుకలు బతుకుతున్న మన వాడరేవు, బాపట్ల, రేపల్లె తీరంలో ఆయన గురించి మరింతగా మాట్లాడుకోవాలి.

కుటుంబం, చదువు

జైపాల్ 1903లో ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో, టక్రా అనే ముండా పల్లెలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు ప్రమోద్ పహాన్. ముండాల్లో పహాన్ అంటే ఊరి పూజారి. చిన్నప్పుడు పశువులు కాశారు. ఆయన పుట్టడానికి మూడేళ్ల ముందే, అదే ప్రాంతంలో భూమి కోసం తిరగబడ్డ బిర్సా ముండా రాంచీ జైల్లో చనిపోయారు. ఆ పోరాటం తర్వాతే 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. జైపాల్ పెరిగింది ఆ నేల మీదే.

రాంచీలోని సెయింట్ పాల్స్ అనే మిషన్ బడిలో చేరారు. అక్కడి ప్రిన్సిపాల్ కానన్ కాస్‌గ్రేవ్ ఆయన తెలివిని గుర్తించి ఇంగ్లండ్ తీసుకెళ్లారు. ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చదువుతూ హాకీలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. గుంటూరు జిల్లాలో లూథరన్, బాప్టిస్టు మిషన్ బడుల ద్వారా మన మాల, మాదిగ పల్లెలకు అక్షరం ఎలా వచ్చిందో తెలిసినవాళ్లకు ఈ దారి కొత్త కాదు.

ఉద్యోగమా, ఆటా?

అప్పట్లో ఒలింపిక్స్ హాకీ ఆడితే జీతం ఉండేది కాదు. జైపాల్ ఐసీఎస్‌కు ఎంపికై ఇంగ్లండ్‌లో శిక్షణలో ఉండగా జట్టు కెప్టెన్సీ పిలుపు వచ్చింది. సెలవు అడిగితే ఇవ్వలేదు. అయినా ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు. జట్టు యాజమాన్యంతో విభేదాల వల్ల ఫైనల్ ఆడకుండానే తప్పుకున్నారు. తిరిగొచ్చాక శిక్షణ మరో ఏడాది పొడిగిస్తామంటే ఐసీఎస్‌నే వదిలేశారు. జిల్లాను ఏలే కొలువది. ఆయన వెనక ఆస్తిపాస్తులున్న కుటుంబం లేదు. ఆ వదులుకోవడం విలువ అక్కడుంది.

రాజ్యాంగ సభలో

1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యారు. రాజ్యాంగ సభలో 1946 డిసెంబరు 19న మాట్లాడుతూ, తనను జంగ్లీ అని పిలిచినా గర్వమేనన్నారు. తమవాళ్లకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పక్కర్లేదని, వాళ్ల దగ్గరే అందరూ నేర్చుకోవాలని చెప్పారు. చట్టంలో 'ఆదివాసీ' అనే మాటే ఉండాలని పట్టుబట్టారు. ఆ మాటకు చట్టపరంగా కచ్చితమైన అర్థం లేదని, షెడ్యూల్డ్ తెగలంటే జాబితా ఉంటుందని అంబేడ్కర్ జవాబిచ్చారు. ఒకరు జాతి గౌరవాన్ని చూశారు, ఇంకొకరు కోర్టులో నిలబడే హక్కును చూశారు. మనకు రెండూ కావాలి.

1950లో జార్ఖండ్ పార్టీని స్థాపించారు. 1952 ఎన్నికల్లో అది బీహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. 1963లో దాన్ని కాంగ్రెస్‌లో కలిపేయడాన్ని ఆయన అనుచరులే చాలామంది ఒప్పుకోలేదు. 1970 మార్చి 20న ఢిల్లీలో చనిపోయారు. జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా జయంతి నాడు ఏర్పడింది.

మన తీరంలో

ఆయన చనిపోయిన ఏడాదే మన రాష్ట్రంలో 1/70 చట్టం వచ్చింది. ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే చట్టమది. అయితే అది, అయిదో షెడ్యూలు రక్షణ ఏజెన్సీ ప్రాంతాలకే. వాగుల్లో చేపలు పట్టుకునే మన యానాదులకు ఆ రక్షణ లేదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఎరుకలదీ అదే పరిస్థితి. బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లను 'నేరస్థ తెగ'గా ముద్ర వేసి 1913లో అక్కడ సెటిల్‌మెంట్ పెట్టింది. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినా ఆ ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు.

జాబితాలో పేరుంటే చాలదు, భూమీ గౌరవమూ కూడా ఉండాలి. జైపాల్ సింగ్ రాజ్యాంగ సభలో అడిగింది అదే. ఆయన పేరు మన పిల్లలకు చెప్పడం దగ్గర మొదలుపెడదాం.