ఇంజనుకి మ్యూజియం ఉంది, మరి పడవకి?

మొన్న సెలవుల్లో మైసూరు వెళ్ళినప్పుడు మావాడి కోసం అక్కడి రైల్వే మ్యూజియంకి వెళ్ళాం. 1979లో పెట్టారు దాన్ని. మీటర్ గేజి ఆవిరి ఇంజన్లు, మహారాణి ప్రయాణించిన సెలూన్ పెట్టె చూశాం. మావాడు ఓ ఇంజనెక్కి కాసేపు డ్రైవరయ్యాడు. నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఏలూరులో తాడేపల్లిగూడెం బండి ఎక్కేటప్పుడు తెల్లచొక్కా వేసుకుని కిటికీ పక్కన కూర్చోకూడదనేవాడు, బొగ్గునుసి పడుతుందని. వాళ్ళ తాతగారికి ఆ బాధ లేదుట. ఆయన పెళ్ళికి పడవలోనే తరలి వెళ్ళారట.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. అటు గోదావరి నుంచీ, ఇటు కృష్ణ నుంచీ వచ్చిన కాలువలు ఏలూరులో కలిశాయి. నీటిమట్టం మారేచోట లాకులు కట్టారు. గాలుంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. రైళ్ళకన్నా ఇలాంటి కాలువలే మేలనీ, చవగ్గా సరుకూ మోస్తాయి, పొలానికి నీళ్ళూ ఇస్తాయనీ ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించాడు.

ఆ వాదన నిలవలేదు. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే పట్టాలు పడ్డాయి. మన దగ్గర ఆ దారి కొల్లేటి పల్లాన్ని తప్పించుకుని ఉత్తరపు మెరక మీదుగా ఏలూరు, తాడేపల్లిగూడెం గుండా పోయింది. 1900లో గోదావరి మీద వంతెన కూడా తెరిచారు. పడవకి లాకు లాకుకీ ఆగడం తప్పదు. వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేస్తే ప్రయాణమే ఉండదు. రైలు పన్నెండు నెలలూ నడుస్తుంది. పట్టాలు చేరని కొల్లేటి లంకల్లో మాత్రం దోనెలు మిగిలాయి.

పాతకాలమే బాగుందని నేననను. ఎండలో తాడు లాగినవాడి భుజాన్ని అడగాలి ఆ మాట. కానీ పడవని ఓడించిన ఆవిరి ఇంజను తానూ డీజిలుకీ కరెంటుకీ ఓడిపోయింది. బ్రాడ్ గేజి మీద 1995తో దాని పని అయిపోయింది. అయినా దానికి రంగులేసి, నీడన నిలబెట్టి, టికెట్టు పెట్టి చూపిస్తున్నాం. తాడు లాగినవాళ్ళ పేర్లు మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియవు. పెళ్ళికొడుకు పేరే మిగిలింది.

2008లో ఏలూరు కాలువని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కాటన్ మాట మళ్ళీ కాయితం మీదకొచ్చింది. ఈసారి ఏలూరు వెళ్ళినప్పుడు మావాణ్ణి కాలువగట్టుకి తీసుకెళ్ళాలి. ఎక్కడానికి అక్కడ ఇంజనేమీ ఉండదు. కథ నేనే చెప్పాలి.