పేజీల్లో మిగిలిపోయిన చరిత్ర: కృష్ణా డెల్టా పాఠకులు, తెలుగు బొమ్మల కథలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
• తెలుగు బొమ్మల కథలు ఎక్కడ, ఎలా పుట్టాయో వివరించడం
• వాటికి రావలసినంత గుర్తింపు రాకపోవడానికి కారణాలను చర్చించడం
• బొమ్మల కథను చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో చెప్పడం

1. పరిచయం

కామిక్స్ అనగానే మనకు ఫాంటమ్, సూపర్‌మాన్, టిన్‌టిన్ గుర్తుకు వస్తారు. భారతీయ కామిక్స్ అంటే 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో మొదలైన అమర చిత్ర కథ పేరు చెబుతాం. పక్కనే తమిళంలో 1972లో ముత్తు కామిక్స్ వచ్చింది. దానికి నేటికీ అభిమానులున్నారు. మరి తెలుగులో? చాలామంది "తెలుగులో కామిక్స్ లేవు" అని సమాధానం ఇస్తారు.

ఈ సమాధానం సరైనది కాదు. తెలుగులో బొమ్మల కథలు ఉన్నాయి. అయితే అవి పుస్తకాలుగా కన్నా పత్రికల్లో పేజీలుగా ఎక్కువ బతికాయి. పుస్తకానికి గ్రంథాలయంలో ఒక సంఖ్య, ఒక రచయిత పేరు, ఒక అర ఉంటాయి. వారపత్రికలోని పేజీకి అవేవీ ఉండవు. వారం గడిస్తే అది పాత కాగితం. ఈ తేడా వల్ల ఒక కళ చరిత్ర ఎలా మరుగున పడిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఇందుకు విజయవాడను, కృష్ణా డెల్టాను కేంద్రంగా తీసుకుంటున్నాం.

2. డెల్టాలో బొమ్మతో కథ చెప్పే సంప్రదాయం

బొమ్మలను వరసగా పేర్చి కథ చెప్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. విజయవాడకు ఎగువన కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి స్తూప శిల్పాలే ఇందుకు సాక్ష్యం. ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక గుండ్రని ఫలకంలో నలగిరి ఏనుగు కథ ఉంది. ఎడమ వైపు మదించిన ఏనుగు జనాన్ని తొక్కుతూ వస్తుంది. కుడి వైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే ఫలకంలో రెండు క్షణాలు, ఒకే పాత్ర రెండు సార్లు. చూసేవారి కన్ను ఎడమ నుంచి కుడికి కదిలితే కథలో కాలం కదులుతుంది. ఆధునిక బొమ్మల కథలో గడి తరవాత గడి చేసే పని కూడా ఇదే.

అయితే అమరావతి శిల్పం నుంచి నేటి కామిక్ నేరుగా పుట్టిందని అనుకోకూడదు. మధ్యలో అచ్చుయంత్రం, పత్రిక, చదువుకున్న పాఠకుడు రావాలి. ఈ ప్రాంతంలో ఆ మూడూ ఎలా వచ్చాయో చూద్దాం.

3. పాఠకులు తయారైన తీరు

విజయవాడ దగ్గర కృష్ణపై 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. కాలువల నీటితో వరి పండింది. మిగులు ధాన్యంతో పాటు పిల్లలను చదివించే స్తోమత కొన్ని కుటుంబాలకు కలిగింది. తరవాత బెజవాడ పెద్ద రైల్వే జంక్షన్ కావడంతో ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి వచ్చే పత్రికలు ఇక్కడ దిగి ఊళ్ళకు చేరేవి.

గ్రంథాలయోద్యమం దీనికి తోడైంది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం ఏర్పడింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం కూడా ఇక్కడే మొదలైంది. అయ్యంకి వెంకటరమణయ్య దీనికి ప్రాణం పోశారు. 1930లలో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్ళకు పంపిన ప్రయత్నం ప్రసిద్ధమైనది. పొలాలకు నీరు తెచ్చిన కాలువలే ఊళ్ళకు పుస్తకాలనూ తెచ్చాయి.

ఇలా తయారైన పాఠకుల ఇళ్ళలో పెద్దలతో పాటు పిల్లలూ చదవడం మొదలుపెట్టారు. ఆ పిల్లల కోసం పత్రికలు వచ్చాయి.

4. మద్రాసులో అచ్చు, డెల్టాలో చదువు

1953 వరకు ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. మంచి అచ్చు యంత్రాలు, చిత్రకారులు, సినిమా పరిశ్రమ అక్కడే ఉండేవి. అందువల్ల తెలుగు బొమ్మల కథలు మొదట మద్రాసులో అచ్చయ్యాయి.

4.1 బాల: రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరు పొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రికను ప్రారంభించారు. పిల్లలు రాసినవి, గీసినవి కూడా ఇందులో అచ్చు వేసేవారు. తరవాతి కాలంలో బాపుగా పేరు పొందిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, రచయిత ముళ్ళపూడి వెంకటరమణ చిన్నతనంలో ఈ పత్రికలోనే తొలి అడుగులు వేశారు.

4.2 చందమామ: 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ'ను తెచ్చారు. చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో మరణించే వరకు పత్రిక భాషను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. అంటే అచ్చు మద్రాసులోనిదైనా, చందమామ పలికిన తేట తెలుగు వెనుక డెల్టా మనుషులు ఉన్నారు.

చందమామ కథలు అందరికీ గుర్తే. దాని తొలి సంచికల్లో వచ్చిన ఒక పేజీ 'చిత్రకథ' మాత్రం అంతగా గుర్తు లేదు. దాసు, వాసు అనే ఇద్దరు అల్లరి పిల్లలు, వాళ్ళ కుక్క టైగర్ ఇందులోని పాత్రలు. రాజులు, మాంత్రికులు నిండిన పత్రికలో మామూలు ఇంటి పిల్లలు, మామూలు వీధి కనిపించిన చోటు ఇది. అక్షరాలు పూర్తిగా రాని పిల్లవాడు కూడా బొమ్మలు చూసి కథ పట్టుకోగలిగేవాడు.

4.3 డుంబు: కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి 'బుజ్జాయి' పేరుతో బొమ్మలు వేశారు. ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ఆయన సృష్టించిన 'డుంబు' తెలుగులో నిజమైన కామిక్ పాత్రల్లో ఒకటి. 1960లలో ఆయన పంచతంత్రాన్ని బొమ్మల కథగా గీయగా, జాతీయ స్థాయి పత్రిక ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ ప్రచురించింది. అమర చిత్ర కథకు ముందే, అదే దశాబ్దంలో, ఒక తెలుగు చిత్రకారుడు భారతీయ కథను కామిక్ రూపంలో దేశం ముందు పెట్టాడన్నమాట. భారతీయ కామిక్స్ చరిత్రను చెప్పేటప్పుడు ఆయన పేరు తగినంతగా వినిపించదు. ఈ పాఠంలో మనం గుర్తింపు కోరుతున్న వారిలో ఆయన మొదటివారు.

5. విజయవాడకు చేరిన పత్రికలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే సమయం నుంచి పత్రికా కేంద్రం క్రమంగా విజయవాడకు మారింది. 1952లో విశాలాంధ్ర దినపత్రిక, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడ మొదలయ్యాయి. ఆంధ్రప్రభ మద్రాసు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. 1970లో స్వాతి మాసపత్రిక, 1984లో స్వాతి వారపత్రిక వెలువడ్డాయి. ఆంధ్రజ్యోతి సంస్థ పిల్లల కోసం 'బాలజ్యోతి'ని నడిపింది. ఈ పత్రికలన్నిటికీ బొమ్మ అవసరమే. కథకు బొమ్మ, సీరియల్‌కు బొమ్మ, ఖాళీ మిగిలిన చోట కార్టూన్.

ఈ పత్రికలను డెల్టా పాఠకులు చదివిన తీరు గమనించదగినది. నచ్చిన సీరియల్ పేజీలను వారం వారం చింపి దాచి, చివరికి బైండు చేయించుకోవడం అనేక ఇళ్ళలో ఉండే అలవాటు. పత్రికలు పేజీలుగా వదిలేసిన వాటిని పాఠకులు సొంత ఖర్చుతో పుస్తకాలుగా మార్చుకున్నారు. గ్రంథాలయాలు చేయని పనిని చాలావరకు ఇళ్ళు చేశాయి.

6. గుర్తింపు ఎందుకు రాలేదు?

ఇందుకు మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, పుస్తక రూపం లేకపోవడం. బెల్జియంలో టిన్‌టిన్ కూడా 1929లో ఒక పత్రిక అనుబంధంలోనే పుట్టాడు. కానీ మరుసటి ఏడాది నుంచే ఆ కథలు ఆల్బమ్‌లుగా వచ్చాయి. ఆల్బమ్ అరలో నిలిచింది, మళ్ళీ మళ్ళీ అచ్చయింది. తెలుగులో దీనికి పోలిక 'బుడుగు'. 1950లలో వారపత్రికలో వచ్చిన రమణ రచన, బాపు బొమ్మలు పుస్తకంగా మారాయి, అందుకే నాలుగు తరాలకు తెలుసు. విజయవాడ ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చిన సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' బాపు బొమ్మలతో సహా పుస్తకమై నిలిచాయి. బుడుగు పేరుకు రమణ భాష అసలు కారణం కాదా అని మీరు అడగవచ్చు. అవును, భాష గొప్పదే. కానీ ఆ భాషను తరవాతి తరం చేతికి అందించింది పుస్తకమే.

రెండవది, పేరు వేయకపోవడం. చందమామలో 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పన్నెండు సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు వాటితో అచ్చు కాలేదు. లక్షల మంది ఆయన కథలు చదివారు, ఆయన ఎవరో తెలియదు. చివరి రోజులు విజయవాడలో గడిపిన ఆయన 2010లో మరణించారు. ఆ సీరియల్స్‌కు బొమ్మలు వేసిన చిత్రా అసలు పేరు టి. వీరరాఘవన్ అని తెలిసినవారు ఇంకా తక్కువ. శంకర్‌గా బేతాళ కథల బొమ్మలు గీసిన కె.సి. శివశంకరన్‌కు పద్మశ్రీ వచ్చింది 2021లో, ఆయన మరణించిన తరవాత.

మూడవది, 'పిల్లల సరుకు' అనే చిన్నచూపు. సాహిత్య చరిత్రలు కవులకు, నవలలకు అధ్యాయాలు కేటాయించాయి. బొమ్మల కథను అటు సాహిత్య చరిత్రకారులు, ఇటు చిత్రకళా చరిత్రకారులు తమది కాదనుకున్నారు.

వీటికి వాతావరణం తోడైంది. న్యూస్‌ప్రింట్ పసుపెక్కి పొడి అవుతుంది. డెల్టా తేమ, వరదలు, చెదలు కాగితానికి శత్రువులు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఊళ్ళనే తుడిచిపెట్టింది. అలాంటి చోట అటక మీది పత్రికల గురించి చెప్పనవసరం లేదు.

7. బొమ్మల కథను ఆధారంగా చదవడం

బొమ్మల కథ ఆ కాలపు బాల్యానికి ఆధారం. దాన్ని చదివేటప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు రాశారు, ఎవరు గీశారు, ఎవరు డబ్బు పెట్టారు? సంచిక వెల ఎంత, ఆ వెల ఏ ఇంటికి అందుబాటులో ఉంటుంది? బొమ్మలోని ఇల్లు పెంకుటిల్లా, మేడా? ఇంట్లో పని చేస్తున్నది ఎవరు, ఆడుకుంటున్నది ఎవరు? ఆడపిల్లలు కథను నడుపుతారా, పక్కన నిలబడి చూస్తారా? కూలి ఇంటి పిల్లలు అసలు కనిపిస్తారా?

కనిపించని వారి గురించిన ప్రశ్న కనిపించే వారి గురించిన ప్రశ్న అంత ముఖ్యమైనది. కాబట్టి ఈ రచనలకు గుర్తింపు కోరడం అంటే వాటిని పొగడడం ఒక్కటే కాదు. లోపాలతో సహా వాటిని చరిత్రలో చేర్చి పరీక్షించడం.

కొన్ని పాత పత్రికలను ప్రెస్ అకాడమీ వంటి సంస్థలు డిజిటల్ రూపంలోకి మార్చాయి. ఇది మంచి ఆరంభం. అయితే అక్కడ కూడా వెతకాలంటే పత్రిక పేరు, తేదీ తెలియాలి. ఏ సంచికలో ఏ బొమ్మల కథ ఉందో చెప్పే సూచిక తయారు కావాలి. అది పెద్ద నిధులు కోరే పని కాదు, ఓపిక కోరే పని. దూరవిద్య విద్యార్థులు ఊరూరా ఉన్నారు కాబట్టి ఈ పనికి మీరే తగినవారు.

8. సారాంశం

తెలుగులో బొమ్మల కథలు లేవన్నది అపోహ. డెల్టాలో కాలువలు, రైలు, గ్రంథాలయాలు పాఠకులను తయారుచేశాయి. మద్రాసు, తరవాత విజయవాడ పత్రికలు వారికి బొమ్మల కథలు అందించాయి. పుస్తక రూపం, రచయిత పేరు, విమర్శకుల ఆదరణ లేక అవి మరుగున పడ్డాయి. బుజ్జాయి, చిత్రా, దాసరి సుబ్రహ్మణ్యం వంటి వారికి చరిత్రలో తగిన చోటు ఇవ్వాలంటే ముందు ఆ పేజీలు మిగలాలి.

9. నమూనా ప్రశ్నలు

1. కృష్ణా డెల్టాలో పత్రికా పాఠకులు తయారు కావడానికి తోడ్పడిన అంశాలను వివరించండి.
2. పత్రికలో పేజీగా ఉండడానికి, పుస్తకంగా ఉండడానికి గల తేడా ఒక రచన భవిష్యత్తును ఎలా నిర్ణయిస్తుందో ఉదాహరణలతో చర్చించండి.
3. చిన్న పరిశోధన: మీ ఇంట్లో, మీ ఊరి గ్రంథాలయంలో లేదా పాత పుస్తకాల దుకాణంలో 1990కి ముందు వచ్చిన ఒక బొమ్మల కథను వెతకండి. పత్రిక పేరు, తేదీ, వెల, చిత్రకారుని సంతకం నమోదు చేయండి. 7వ భాగంలోని ప్రశ్నల ఆధారంగా రెండు పేజీల నివేదిక రాయండి.