ఇంట్లోకి మినీ లేత్: కొనే ముందు ఇవి చూడండి

లోహపు రాడ్డును తిప్పుతూ టూల్‌తో చెక్కే మిషనే లేత్. మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో బెంచ్ మీద పెట్టే మినీ లేత్ చాలు.

సైజు: స్వింగ్ 180, సెంటర్ల మధ్య దూరం 300-350 మి.మీ. మోడల్ దాదాపు 40 కిలోలుంటుంది. కానీ క్రాస్ స్లైడ్ మీదుగా పట్టే వ్యాసం స్వింగ్ కన్నా తక్కువ, అదీ అడగండి.

కరెంటు: ఇంటికి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మోటారు కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే పెద్ద లేత్‌లు ఎక్కువగా త్రీ ఫేజ్‌వి. ఎర్తింగ్ తప్పనిసరి.

పరీక్ష: వాట్స్ చూసి మోసపోవద్దు, బెడ్ గట్టిదనమే ముఖ్యం. లావుపాటి రాడ్డును చక్‌లో బిగించి, పలచగా కోయించి, రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా వస్తే బెడ్డో హెడ్‌స్టాకో వంకరున్నట్టే.

జాగ్రత్త: కళ్లద్దాలు పెట్టుకోండి. గ్లౌజులు, వదులు చేతులు, దుపట్టా వద్దు, చక్ లాగేస్తుంది. చక్ కీ తీశాకే స్విచ్ వేయండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఎప్పుడో ఒక పార్ట్ కావాలంటే మిషనే అక్కర్లేదు. రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్‌లో అడగండి. పని నేర్చుకోవాలంటే బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ముందు చేయి తిరగాలి, తర్వాతే డబ్బు పెట్టాలి.