హెఫ్సీబా: పేరు, అర్థం, వాక్యాధారం

ఈ మధ్య ధరణికోటలో ఒక ఇంట బిడ్డ ప్రతిష్ఠ ప్రార్థనకు వెళ్లాను. "రెండోది కూడా ఆడపిల్లే అయ్యగారూ, ఏదో ఒక పేరు పెట్టండి" అంది నాయనమ్మ. ఆ 'ఏదో ఒక' అన్న మాట గుచ్చుకుంది. నేను చెప్పిన పేరు హెఫ్సీబా.

హెబ్రీ భాషలో ఇది ఒక చిన్న వాక్యం. 'హెఫ్సీ' అంటే నా ఆనందం, 'బా' అంటే ఆమెయందు. ఆ ఆనందం యెహోవాదే అని యెషయా 62:4 చెబుతుంది. పాడైపోయిన యెరూషలేమును లోకులు 'విడువబడినది' అన్నారు. దేవుడు ఆ పేరు తీసేసి పట్టణానికి హెఫ్సీబా అని, దేశానికి బ్యూలా అని పేర్లు పెట్టాడు. బ్యూలా అంటే పెండ్లయినది. మన సంఘాల్లో ఆ పేరు గలవారూ ఉన్నారు.

'విడువబడినది' అనే మాటకు హెబ్రీలో అజూబా. అదీ ఒక స్త్రీ పేరే: యెహోషాపాతు తల్లి (1 రాజులు 22:42). హెఫ్సీబా మనష్షే తల్లి (2 రాజులు 21:1). అజూబా కన్న కొడుకు యెహోవా దృష్టికి యథార్థంగా నడిచాడు. హెఫ్సీబా కన్న కొడుకు పన్నెండేళ్లకే రాజై, 55 ఏళ్లు ఏలి, యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపాడు. కనుక "ఈ పేరు పెడితే కలిసొస్తుందా?" అని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు: పేరు తాయెత్తు కాదు.

అయినా ఇంటివారి మనసులో ఏముందో పేరు పదిమందికీ చెప్పేస్తుంది. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో కొందరు ఆడపిల్లలకు 'నకుసా' అని పెట్టేవారు. మరాఠీలో అక్కరలేనిది అని అర్థం. 2011లో అక్కడ 280 మందికి పైగా అలాంటి పిల్లలకు కొత్త పేర్లు పెట్టారు. యెషయా 62 తెరిచినప్పుడల్లా నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

హెప్సిబా, హెఫ్జిబా అని కూడా రాస్తున్నారు. ఏదైనా తప్పు లేదు గాని, జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడిలో ఒకేలా ఉండాలి. ఇంట్లో 'హెప్సీ' అని ముద్దుగా పిలుస్తారు. అలా కుదిస్తే 'నా ఆనందం' మిగులుతుంది, 'ఆమెయందు' పోతుంది. ఈ సంగతి ఆ నాయనమ్మకు చెప్పాను. నోరు తిరగక ఆమె 'ఎప్సీబా' అంటోంది. 'బా' మాత్రం వదలడం లేదు.